మూడు వారాలైనా హాల్లోనే పాసు పోస్తున్న షిట్జూ కుక్కపిల్ల: ముందు ఇల్లు చిన్నది చేయండి

మీరు రాసిన వివరాలు కూడదీస్తే ఇదీ సంగతి. పదకొండు వారాల ఆడ షిట్జూ పిల్ల, బరువు రెండు కిలోలకి కాస్త తక్కువ. బెంగళూరు మారతహళ్ళిలో ఏడో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. ఇద్దరూ ఉద్యోగస్తులు, వారానికి మూడు రోజులు ఆఫీసు. నెల్లూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు పగలు ఇంట్లో ఉంటారు. రెండో టీకా అయింది. పిల్ల వచ్చి మూడు వారాలు. బాల్కనీలో పాసు పీల్చే ప్యాడ్ పరిస్తే దాని మీద రోజుకి రెండు మూడు సార్లే పోస్తోంది. మిగతాదంతా గుమ్మం దగ్గర డోర్‌మ్యాట్ మీద, బాత్రూమ్ ముందు మ్యాట్ మీద, సోఫా వెనక. తిట్టారు, ముక్కు వంచి చూపించారు, ఫినాయిల్‌తో తుడుస్తున్నారు. "ఇది మొండిదా, తెలివి తక్కువదా?" అని అడిగారు.

రెండూ కాదు. ఇల్లు దానికి మరీ పెద్దదైపోయింది.

మనకి వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు ఇరుకే. రెండు కిలోల పిల్లకి అదొక ఊరు. కుక్కపిల్లలు మూడో వారం నుంచే తల్లి పడక వదిలి కాస్త పక్కకి జరిగి పోయడం మొదలుపెడతాయి. పడుకునే చోటు, తినే చోటు పాడు చేసుకోకూడదన్నది ఎవరూ నేర్పని బుద్ధి. అయితే పడుకునే చోటు అంటే దాని లెక్కలో పరుపూ, చుట్టూ ఓ కాస్త చోటూ. సోఫా వెనక మూల దాని దృష్టిలో ఇల్లు కాదు, ఊరి పొలిమేర. అక్కడికి వెళ్ళి పోయడం అంటే అది శుభ్రంగా ఉన్నట్టే. మీకు తప్పుగా కనిపిస్తున్నది దానికి మర్యాద.

రెండో కారణం ఒంట్లో ఉంది. వయసు ఎన్ని నెలలైతే దానికి ఒకటి కలిపి అన్ని గంటలు ఆపుకోగలదని ఒక మోటు లెక్క చెబుతారు. అది పడుకుని ఉన్నప్పటి లెక్క, అదీ గరిష్ఠం. ఆడుకుంటున్న చిన్న జాతి పిల్లకి అది పనికిరాదు. ఈ వయసులో మెలకువగా, హుషారుగా ఉంటే అరగంట నుంచి ముప్పావు గంటకోసారి పోస్తుంది. రోజుకి పది పన్నెండు సార్లు మామూలే. మీరు రెండు మూడు సార్లు సరైన చోట పోస్తోందని రాశారు కాబట్టి, మిగతా ఏడు నుంచి పది సార్లు తప్పు చోట పోయడం అభ్యాసం చేస్తోందన్నమాట. ఏది ఎక్కువసార్లు జరిగితే అదే అలవాటవుతుంది.

మూడోది మన బద్ధకం. లాబ్రడార్ పిల్ల హాల్లో పోస్తే చెరువు కడుతుంది, ఇంట్లో వాళ్ళంతా లేచి నిలబడతారు. షిట్జూ పోసేది రెండు చెంచాలు. టిష్యూతో అద్దేసి ఊరుకుంటాం. పెద్ద కుక్కల కంటే పగ్, పొమేరియన్, షిట్జూ, లాసా లాంటివి ఆలస్యంగా నేర్చుకుంటాయన్న పేరు సగం ఈ రెండు చెంచాల వల్లే వచ్చింది.

ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో ఉన్న డోర్‌మ్యాట్లు, బాత్రూమ్ మ్యాట్లు, కింద పరిచిన దుప్పట్లు అన్నీ తీసి పైన పెట్టేయండి. పిల్ల చోటుని కాదు, కాలి కింద తగిలే స్పర్శని గుర్తుపెట్టుకుంటుంది. సుమారు ఐదో వారం నుంచి తొమ్మిదో వారం లోపు ఏ నేల మీద పోయడం అలవాటైతే ఆ స్పర్శ దానికి పాయిఖానా అయి కూర్చుంటుంది. మీరు వాడుతున్న ప్యాడ్ పైన మెత్తని గుడ్డలా ఉంటుంది, తడి పీలుస్తుంది. డోర్‌మ్యాట్ కూడా అంతే. దాని కాలికి రెండూ ఒకటే. ప్యాడ్ మీద పోయమని మనమే నేర్పి, డోర్‌మ్యాట్ మీద పోసిందని తిడితే దానికి అర్థమయ్యే దారి లేదు.

అందుకే ప్యాడ్ మానేసి కృత్రిమ గడ్డికి మారమంటాను. రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ ట్రే, అంచు అంగుళానికి మించకూడదు. అందులో పట్టేలా రెండు గడ్డి ముక్కలు కొనండి. ఒకటి ట్రేలో ఉంటే రెండోది కడిగి ఎండలో ఆరుతుంటుంది. రోజూ కడగకపోతే నాలుగో రోజుకి వాసనకి మీరే బాల్కనీ తలుపు మూసేస్తారు, శిక్షణ అక్కడితో సరి. రేపు కిందికి తీసుకెళ్ళినప్పుడు అక్కడ కూడా కాలికి తగిలేది గడ్డే కాబట్టి మళ్ళీ మొదటి నుంచి నేర్పక్కర్లేదు. హఠాత్తుగా మార్చకండి. మొదటి మూడు రోజులు గడ్డి మీద ప్యాడ్ పరచండి, తర్వాత ప్యాడ్‌ని సగానికి కత్తిరించండి, తర్వాత అరచేయంత ముక్క, తర్వాత తీసేయండి. పాసు తుడిచిన టిష్యూ ఒకటి గడ్డి కింద మొదటి వారం ఉంచితే వాసన దారి చూపిస్తుంది.

ముందు కాళ్ళు ట్రేలో పెట్టి వెనక భాగం బయట ఉంచి పోసేవి చాలా ఉంటాయి. పిల్ల తన లెక్కలో ట్రే ఎక్కేసింది, వెనక కాళ్ళ సంగతి దానికి పట్టదు. ట్రే చిన్నదైతేనే ఇలా అవుతుంది. పెద్దది తీసుకోండి, లేదా ట్రేని మూలకి జరిపి మూడో వైపు ఒక అట్ట అడ్డం పెట్టండి. లోపలికి వెళ్ళి తిరిగితే తప్ప బయటికి రాలేని విధంగా ఉంటే నాలుగు కాళ్ళూ లోపలే ఉంటాయి.

చోటు ఎక్కడ? బాల్కనీ బాగానే ఉంది, తలుపు ఎప్పుడూ తెరిచి ఉండగలిగితే. సాయంత్రం దోమలకి భయపడి ఆరింటికే మూసేసే ఇల్లయితే ఆరు దాటాక పిల్లకి పాయిఖానా లేనట్టే. బెంగళూరు ఫ్లాట్లలో వంటింటి వెనక యుటిలిటీ అని ఒకటుంటుంది, కుళాయి, నీళ్ళు పోయే దారి రెండూ ఉంటాయి, కడగడానికి అంత సుఖం మరోచోట లేదు. కానీ అక్కడే వాషింగ్ మెషీన్ ఉంటుంది, గోడ అవతల కుక్కర్ ఉంటుంది. పిల్ల ట్రే ఎక్కి, తిరిగి తిరిగి, నడుం వంచి మొదలుపెట్టిన క్షణాన కుక్కర్ విజిలేస్తే సగంలో ఆపేసి పరుగెత్తుకొస్తుంది. మిగతా సగం హాల్లో. ఇలా రెండు సార్లు జరిగితే యుటిలిటీ అంటేనే భయపడుతుంది. ఆ చోటే వాడాలనుకుంటే వంట టైమూ మెషీన్ టైమూ పిల్ల టైముతో కలవకుండా చూసుకోండి.

ఇప్పుడు ఇంటిని చిన్నది చేయడం. రెండడుగుల పలకలు ఎనిమిది ఉన్న ప్లేపెన్ (పిల్ల చుట్టూ నిలబెట్టే మడత కంచె, పొట్టిగా పెన్) దొరుకుతుంది, చదరంగా పెడితే నాలుగడుగులకి నాలుగడుగుల గది అవుతుంది. ఒక చివర 24 అంగుళాల వైరు కేజ్, తలుపు తెరిచే ఉంచి, లోపల పల్చని పరుపు. షిట్జూ పెద్దదయ్యాక కూడా నాలుగు నుంచి ఏడు కిలోలే కాబట్టి ఈ కేజ్ జీవితాంతం సరిపోతుంది. ఇప్పటికి మాత్రం లోపల అట్టపెట్టె పెట్టి మూడో వంతు తగ్గించండి. పిల్ల లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్ళు చాపి పడుకునేంత చోటు చాలు. అంతకంటే ఎక్కువుంటే ఒక మూల పోసి ఇంకో మూల పడుకుంటుంది. నీళ్ళ గిన్నె పరుపు దగ్గర, గడ్డి ట్రే ఆ చివర.

కేజ్ అంటే జైలని అత్తయ్యగారు ఒప్పుకోవడం లేదని రాశారు. తలుపు మూయకుండా మొదలుపెట్టండి. మూడు రోజులు తిండి అందులోనే పెట్టండి, నిద్రపోతే ఎత్తుకెళ్ళి అందులో పడుకోబెట్టండి. నాలుగో రోజుకి పిల్ల తనంతట తనే వెళ్ళి పడుకోవడం ఆవిడ కళ్ళతో చూస్తారు, ఆ తర్వాత వాదించాల్సిన పని ఉండదు. శిక్షగా మాత్రం ఒక్కసారి కూడా అందులో వేయకండి. షిట్జూ, పగ్ లాంటి చప్పిడి ముక్కువి వేడి ఓర్చుకోలేవు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కేజ్ మీద దుప్పటి కప్పకూడదు, గాలి తగిలే చోట ఉంచాలి.

ఇక్కడొక జాగ్రత్త. పిల్ల దుకాణం నుంచి వచ్చిందా, ఇంట్లో పెంచిన తల్లి దగ్గర నుంచి వచ్చిందా కనుక్కోండి. ఇరుకు బోనులో పెరిగిన పిల్లకి పోసిన చోటే పడుకోక తప్పలేదు, శుభ్రత బుద్ధి అక్కడే చచ్చిపోయింది. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం నియమాల్లో ఉంది. అయినా ఐదారు వారాలకే చేతులు మారేవి ఉన్నాయి. అలాంటి పిల్ల కేజ్‌లోనే పోస్తుంది. దానికి కేజ్ చిన్నది చేసి లాభం లేదు. పరుపు తీసేసి వట్టి నేల ఉంచండి, గంటకోసారి బయటికి తీయండి, వారం పది రోజులు ఎక్కువ పడుతుందని అనుకోండి.

అసలు పని ఇలా సాగుతుంది. నిద్ర లేవగానే, తిన్న ఐదు నుంచి ముప్పై నిమిషాల లోపు, ఆట మధ్యలో, ఆట అయ్యాక, ఎవరైనా వచ్చి ముద్దు చేశాక: ఈ ఐదు వేళలూ తప్పనివి. వీటికి తోడు మెలకువగా ఉంటే ముప్పావు గంటకోసారి. కేజ్ నుంచి ట్రే దాకా మొదటి రెండు వారాలు ఎత్తుకునే తీసుకెళ్ళండి. నిద్ర లేచిన పిల్ల నాలుగడుగులు నడిచిందంటే ఐదో అడుగులో పోసేస్తుంది. ట్రే మీద దింపి మీరు చెట్టులా నిలబడండి. మాట్లాడకండి, ఫోను చూస్తే చూసుకోండి. మూడు నుంచి ఐదు నిమిషాలు. ముక్కు నేలకి ఆనించి గుండ్రంగా తిరిగి, వెనక కాళ్ళు దగ్గరగా తెచ్చి కూర్చుంటుంది. మొదలవగానే ఒక్కసారి, మెల్లగా, "సుస్సు" అనండి. ఏ మాటైనా పరవాలేదు కానీ ఇంట్లో ముగ్గురూ ఒకే మాట అనాలి. అత్తయ్యగారు సుస్సు, మీరు పాటీ, మీ ఆయన గో గో అంటే పిల్లకి మూడు భాషలు నేర్పినట్టవుతుంది.

పోస్తుండగా "వెరీ గుడ్!" అని చప్పట్లు కొట్టకండి. అందరూ చేసే తప్పు ఇదే. మీ సంబరం చూసి సగంలో లేచి మీ దగ్గరికి వస్తుంది, రెండో సగం మీ కాళ్ళ దగ్గర. పూర్తయి లేచాక, రెండు సెకన్ల లోపు, ట్రే పక్కనే, శనగగింజంత తినుబండారం నోట్లో పెట్టండి. ఉడికించిన చికెన్ పీచు, ఉప్పు లేని పనీర్ ముక్క, ఏదైనా సరే, రోజు మొత్తానికి అది తినేదాంట్లో పదో వంతు దాటకూడదు. డబ్బా వంటింట్లో ఉంటే, మీరు వెళ్ళి తెచ్చేసరికి పిల్ల దృష్టిలో బహుమతి వచ్చింది వంటింటికి పరుగెత్తినందుకు. డబ్బా ట్రే పక్కన గోడకి తగిలించండి. ఇంకొక్క నిమిషం అక్కడే ఆగండి. చిన్న జాతివి రెండు మూడు వాయిదాల్లో పోస్తాయి.

పోసిందా, పది పదిహేను నిమిషాలు హాల్లో మీ కళ్ళ ముందు స్వేచ్ఛ. పోయలేదా, తిట్టకుండా ఎత్తుకుని కేజ్‌లో పది నిమిషాలు, మళ్ళీ ట్రే. మళ్ళీ పోయలేదా, మళ్ళీ అదే. పోసేశాకే ఇల్లు తిరిగే హక్కు, పోయకుండా లేదు. ఇంటిల్లిపాదీ ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి పెన్ను కట్టండి. సమయం, పాసా దొడ్డికా, ఎక్కడ, అంతే. "6:10 పాసు ట్రే. 6:35 తిండి. 6:50 దొడ్డి ట్రే. 7:20 పాసు డోర్‌మ్యాట్." నాలుగు రోజుల కాగితం చూస్తే మీ ఇంటి టైంటేబుల్ బయటపడుతుంది. రోజూ పొద్దున 7:20కే డోర్‌మ్యాట్ తడుస్తుంటే, అది మీరిద్దరూ స్నానాలకి వెళ్ళి పిల్లని ఎవరూ చూడని వేళ అని మీకే తెలుస్తుంది. అప్పుడు సరిచేయాల్సింది పిల్లని కాదు, 7:10 కి ఎవరు ట్రే దగ్గరికి తీసుకెళ్ళాలన్నది.

తిండి సంగతి కూడా ఇందులోదే. లోపలికి వెళ్ళే వేళ కచ్చితమైతే బయటికొచ్చే వేళా కచ్చితమవుతుంది. మూడు నెలలు నిండేదాకా రోజుకి నాలుగు సార్లు, ఆరు నెలల దాకా మూడు, తర్వాత రెండు. గిన్నె పెట్టిన పదిహేను నిమిషాలకి తీసేయండి. మన ఇళ్ళల్లో పిల్లకి పెరుగన్నం పెట్టడం ఆచారం. పెరుగన్నంలో ముప్పాతిక నీళ్ళే, పాసు ఎక్కువ సార్లు పోయిస్తుంది, దొడ్డికి కూడా ఎక్కువ సార్లు వెళ్తుంది, అందులో పెరిగే పిల్లకి కావలసిన మాంసకృత్తులూ చాలవు. పెట్టాలనిపిస్తే మధ్యాహ్నం ఒక చెంచా, రాత్రి వద్దు. పాలు అసలొద్దు, చాలా పిల్లలకి విరేచనాలవుతాయి, విరేచనాలున్న పిల్ల ఆపుకోలేదు. సాంబారన్నం, ఉల్లిపాయ పడిన కూర కలిపిన ముద్ద ఏ కుక్కకీ పెట్టకూడదు, ఉల్లి వాటి రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. టీ వేళ అత్తయ్యగారు విరిచి పెట్టే బిస్కెట్ కూడా కాగితం మీద రాయాల్సిందే. దాని వల్లే ఐదింటికి దొడ్డికి ఎందుకెళ్తోందో మీకు అంతుపట్టడం లేదు.

పాసు తగ్గుతుందని నీళ్ళు మాత్రం ఆపకండి. తిండి మానేయించడం మరీ ప్రమాదం. ఈ సైజు పిల్లలకి రక్తంలో చక్కెర ఇట్టే పడిపోయి, వణికి, తూలి, స్పృహ తప్పే ముప్పు ఉంది.

తుడవడం గురించి. ఫినాయిల్ మన ముక్కుకి వాసన కప్పుతుంది, కుక్క ముక్కుకి కప్పదు. తడి ఆరకముందే పిల్ల దాని మీద నడిచి కాళ్ళు నాక్కుంటుంది, నల్ల ఫినాయిలైతే మరీ చెడ్డది. పనావిడ పొద్దున ఇల్లు తుడిచేటప్పుడు పిల్ల పెన్‌లో ఉండాలి, నేల పూర్తిగా ఆరాకే బయటికి. అమోనియా ఉన్న క్లీనర్లు వద్దు, పాసులో ఉండేదీ ఆ ఘాటే. బ్లీచింగ్ ద్రవం నేరుగా పాసు మీద పోస్తే ఊపిరితిత్తులకి హాని చేసే ఆవిరి లేస్తుంది.

కావాల్సింది ఎంజైమ్ క్లీనర్, అంటే పాసు వాసనని మూలంలోనే విరగ్గొట్టే ద్రవం. ముందు పొడి గుడ్డతో తడి మొత్తం అద్ది తీసేయండి, రుద్దితే ఇంకా పరుచుకుంటుంది. తర్వాత క్లీనర్ పోసి పదిహేను నిమిషాలు తడిగా వదిలేయండి. పోసిన వెంటనే తుడిచేసి, పనిచేయలేదనుకునేవాళ్ళే ఎక్కువ. అంతకుముందే ఫినాయిల్ వేసిన చోటైతే ముందు మామూలు నీళ్ళతో రెండు సార్లు కడగండి, లేకపోతే ఎంజైమ్ పనిచేయదు. అది దొరక్కపోతే ఎంజైములున్న బట్టల సబ్బుపొడి ఒక చెంచా, మగ్గు గోరువెచ్చని నీళ్ళలో. వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపిందీ వాసన తగ్గిస్తుంది కానీ టైల్స్ మీదే. పాలరాయి, మొజాయిక్ నేలలూ, బెంగళూరు బసవనగుడి, మల్లేశ్వరం లాంటి చోట్ల పాత ఇళ్ళలో ఉండే ఎర్ర ఆక్సైడ్ నేలా పులుపుకి తెల్లబారతాయి. టైల్స్ మధ్య సందుల్లోకి పాసు దిగుతుంది, అక్కడ పాత బ్రష్‌తో పట్టించండి. పాత మరకలు ఎక్కడున్నాయో తెలియకపోతే, నోట్లు చూసే యూవీ టార్చ్ తీసుకుని రాత్రి లైట్లన్నీ ఆర్పి నేల మీద వేయండి. ఆరిన పాసు పాలిపోయిన పసుపు రంగులో మెరుస్తుంది. సోఫా కాళ్ళ దగ్గర చూడటం మరవకండి.

తప్పు చోట పోస్తుండగా కళ్ళతో చూస్తే ఏం చేయాలి? "అయ్యో" అని ఒక చిన్న మాట, ఎత్తుకుని ట్రేకి, మిగతాది అక్కడ పోస్తే బహుమతి. పోసేసిన తర్వాత చూస్తే ఏమీ లేదు, తుడుచుకోవడమే. ముక్కు వంచి చూపిస్తే అది నేర్చుకునేది ఒకటే: ఈ మనిషి ముందు పోయకూడదు. అందుకే మీ పిల్ల సోఫా వెనక్కి వెళ్తోంది, బాల్కనీలో మీరు పక్కన నిలబడితే బిగబట్టుకుంటోంది. తప్పు చేసినట్టు మొహం పెడుతోంది కదా అంటారు. ఆ చెవులు వాల్చడం, కళ్ళు తిప్పుకోవడం మీ గొంతుకీ నిలబడ్డ తీరుకీ భయం, గంట కిందటి పాసుకీ ఈ తిట్టుకీ ఉన్న సంబంధం దానికి తెలియదు. ఈ భయం పోవడానికి వారం రోజులు ట్రే దగ్గర మీరు పక్కకి తిరిగి, రెండడుగులు ఎడంగా నిలబడండి.

రాత్రి కేజ్ మీ మంచం పక్కనే ఉండాలి, హాల్లో కాదు. ఏడున్నరకి చివరి తిండి, పదిన్నరకి చివరి ట్రే. ఒకటిన్నరకి అలారం పెట్టి మీరే లేపి తీసుకెళ్ళండి, ఏడ్చి లేపేదాకా ఆగితే ఏడిస్తే తీస్తారని నేర్చుకుంటుంది. లైటు వేయకండి, ఆట లేదు, ముద్దు లేదు, పోయించి పడుకోబెట్టడమే. నాలుగు రాత్రులు కేజ్ పొడిగా ఉంటే అలారం పావుగంట ఆలస్యం చేయండి, రెండు అవుతుంది, మూడవుతుంది, ఓ రోజు పొద్దున అయిపోతుంది. మూడున్నర, నాలుగు నెలలకి చాలా పిల్లలు రాత్రి ఆరు గంటలు పడుకుంటాయి.

ఆఫీసు రోజుల్లో ఈ వయసు పిల్లని రెండు రెండున్నర గంటలకి మించి వదలకూడదు. అత్తయ్యగారు ఉండటం మీ అదృష్టం, కానీ ఆవిడకి పూర్తి శిక్షణ భారం వేయకండి. వంగి తుడవడం మోకాళ్ళకి కష్టం. ఒకే పని అప్పగించండి: పిల్ల లేచినప్పుడల్లా ట్రే మీద దింపి, పోస్తే డబ్బాలోంచి ముక్క ఇవ్వడం. పెన్ ట్రే పక్కనే ఉంటే ఎత్తుకోవాల్సిన పని కూడా లేదు. ఆవిడ గుడికెళ్ళే గంటన్నర పిల్ల పెన్‌లో ట్రేతో సహా ఉంటుంది.

పెన్ లోపలా చుట్టుపక్కలా రెండు వారాలు ఒక్క తప్పూ జరగలేదంటే హాలు సగం ఇవ్వండి. ఇంకో వారానికి హాలు మొత్తం. ఆ తర్వాత వారానికో గది. కొత్త గది ఇచ్చేటప్పుడు రెండు మూడు రోజులు తిండి గిన్నె ఆ గదిలో పెట్టండి, అక్కడే ఆడించండి, అక్కడే పక్కన పడుకోబెట్టండి. తిన్న చోటు ఇల్లవుతుంది, ఇల్లయిన చోట పోయదు. తప్పు జరిగితే కిందటి వారం ఉన్న చోటుకి వెనక్కి. పిల్ల మంచిదైపోయిందని ఒక ఆదివారం అన్ని తలుపులూ తెరిచేస్తే సోమవారానికి సోఫా వెనకే ఉంటారు. డోర్‌మ్యాట్లు అన్నిటికంటే చివర.

కిందికి తీసుకెళ్ళడం: కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, అందుకని పదహారు వారాలకి పడే చివరి డోసు అయి, ఇంకో పది పదిహేను రోజులు గడిచేదాకా వేరే కుక్కలు తిరిగే నేల మీద దింపకండి. చేతుల్లో ఎత్తుకుని కింద తిప్పండి, బండ్లు, హారన్లు, వాచ్‌మన్ విజిల్ అన్నీ చూడనివ్వండి. టీకాలయ్యాక మొదటిసారి దింపేటప్పుడు ట్రేలోని గడ్డి ముక్క, వాసనతో సహా, ఒక సంచిలో వేసుకెళ్ళి అక్కడ పరచండి. లిఫ్టులో నేల మీద నిలబెట్టకండి. ఏడో అంతస్తు నుంచి, మధ్యలో రెండు చోట్ల ఆగితే, రెండు నిమిషాలు పడుతుంది. నిద్ర లేచిన పిల్లకి అది చాలా ఎక్కువ. లిఫ్టులోకి కుక్కల్ని రానివ్వబోమని అసోసియేషన్ అంటే, అలా నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. అవే మార్గదర్శకాలు దొడ్డి మీరే ఎత్తమని సలహా కూడా ఇస్తున్నాయి, కాబట్టి జేబులో సంచి లేకుండా దిగకండి. వానాకాలం గుంటల్లో నీళ్ళు తాగనివ్వకండి, ఎలుకల పాసు వల్ల వచ్చే లెప్టో (లెప్టోస్పైరోసిస్) జబ్బు క్రిములు ఆ నీళ్ళలో ఉండొచ్చు.

పైన ట్రే మాత్రం తీసేయకండి. సాయంత్రం వాన మొదలైతే బెంగళూరులో గంటన్నర ఆగదు, షిట్జూ తడి నేల మీద కాలు పెట్టదు. దీపావళి వారంలో చీకటి పడితే టపాసులకి ఏ పిల్లా కిందికి దిగదు. ఐదు కిలోల కుక్క జీవితాంతం బాల్కనీలో ట్రే వాడితే అందులో నామోషీ ఏమీ లేదు. షికారు వేరు, పాయిఖానా వేరు.

తలుపు దగ్గర మువ్వలు కట్టడం కూడా చేయొచ్చు. గట్టి దారానికి నాలుగు మువ్వలు గుచ్చి, పిల్ల ముక్కు ఎత్తులో బాల్కనీ తలుపుకి కట్టండి. ట్రేకి తీసుకెళ్ళే ప్రతిసారీ దాని పాదంతో మువ్వలు తట్టించి తలుపు తీయండి. రెండు మూడు వారాల్లో తనే మోగిస్తుంది. తర్వాత ఊరికే బాల్కనీలో పావురాలు చూడ్డానికీ మోగిస్తుంది, అదొక గోల. మోగించినప్పుడు ట్రే దగ్గరే రెండు నిమిషాలు నిలబడి, పోయకపోతే లోపలికి తెచ్చేస్తే ఆ ఆట మానేస్తుంది.

ఎన్ని చేసినా కుదరకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన లక్షణాలు: పావుగంటకోసారి కూర్చుని చుక్కలు చుక్కలుగా పోయడం, ముక్కడం, ఎరుపు కనిపించడం, నిద్రలో పరుపు తడవడం, మామూలుకంటే ఎక్కువ నీళ్ళు తాగడం, నేర్చుకున్న పిల్ల హఠాత్తుగా మరిచిపోవడం. ఆడపిల్లల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్ తరచూ వస్తుంది, దానికి శిక్షణ కాదు, మందు కావాలి. పొద్దున మొదటి పాసు పట్టాలంటే శుభ్రంగా కడిగి ఆరబెట్టిన లోతు తక్కువ గరిటె చాలు, పోయడం మొదలయ్యాక వెనక నుంచి మెల్లగా కిందకి జరపండి. మందుల షాపులో అమ్మే డబ్బాలో పోసి గంటలోపు ఇవ్వాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి. పక్కన క్లినిక్ లేకపోతే హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. నులిపురుగుల మందు ఈ వయసులో రెండు వారాలకోసారి, మూడు నెలలు దాటాక ఆరు నెలల దాకా నెలకోసారి పడాలి. పురుగులుంటే దొడ్డి పల్చబడి మీ కాగితం లెక్కంతా తప్పుతుంది.

ఆయన ఆఫీసు నుంచి రాగానే పిల్ల తోక ఊపుతూ అక్కడే పోసేస్తోందని రాశారు. అది ట్రైనింగ్ లోపం కాదు, సంతోషానికి పట్టు వదలడం. వచ్చిన ఐదు నిమిషాలు దాన్ని చూడనట్టుండమనండి, నేరుగా బాల్కనీకి వెళ్ళి, అక్కడ పక్కకి తిరిగి కింద కూర్చుని పలకరించమనండి. తల మీద నుంచి చెయ్యి తేవద్దు, గడ్డం కింద నుంచి. తిడితే ఇంకా పెరుగుతుంది, వదిలేస్తే ఏడాది లోపు తగ్గుతుంది.

ఇక ఎన్నాళ్ళంటే, మీరు ఈ రోజు మొదలుపెడితే పది రోజుల్లో కాగితం మీద ట్రే లెక్క తప్పుల లెక్కని దాటాలి. ఐదారు నెలలకి తప్పులు వారానికి ఒకటి రెండు. పూర్తి నమ్మకం ఎనిమిది నుంచి పన్నెండు నెలల మధ్య. షిట్జూ వెనక భాగం వెంట్రుకలు మూడు వారాలకోసారి పొట్టిగా కత్తిరించండి, దొడ్డి అంటుకుంటే నేల మీద ఈడ్చుకుంటూ తిరుగుతుంది, అది చూసి మళ్ళీ మరిచిపోయిందని అనుకుంటారు. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య మొదటి ఎద వస్తుంది, ఆ రోజుల్లో అక్కడక్కడా చుక్కలు వేస్తుంది. అప్పుడు మళ్ళీ తిట్టడం మొదలుపెట్టకండి, పెన్ మడిచి అటక మీద పెట్టారు కదా, దించి ఓ రెండు వారాలు వాడండి.